సగం గ్లాసు గవర్రాజు

తన పేరు తనని వదిలేసి ఊరి మీద పడి తిరుగుతోందన్న సంగతి గవర్రాజుకి చేపల బుట్ట దగ్గర తెలిసింది.

ఆ ఉదయం ఆయన కూర్మన్నపాలెంలో కొడుకు అద్దెకుంటున్న ఇంటి అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. చదువుతున్నాడన్నది పేరుకే. చెవులు రెండూ లోపలి గదిలో మనవడి దగ్గరే ఉన్నాయి. మనవడు పుట్టి పట్టుమని పది రోజులు కాలేదు. పురిటికి సాయం వచ్చిన వియ్యపురాలు రామలక్ష్మమ్మ, కూతురికి పాలు పడాలని పాలసొర కోసం వీధిలో చేపలమ్మే సన్యాసమ్మ బుట్ట దింపించి బేరమాడుతోంది. రామలక్ష్మమ్మది భీమిలి. ఆవిడ బేరానికి దిగితే అమ్మేవాళ్ళకి ఇంటికెళ్ళే దారి గుర్తుకొస్తుంది.

బేరం తెగింది. సొరచేప గిన్నెలో పడింది. ఆవిడ గిన్నె వెనక్కి తీసుకోలేదు.

"అంతేనేటే? గవర్రాజు ఎయ్యవేటి?" అంది.

"ఎయ్యకుండా ఎక్కడికెల్తానమ్మా, ఇదిగో నీ గవర్రాజు" అంటూ సన్యాసమ్మ గుప్పెడు చిన్న నెత్తళ్ళ చేపలు గిన్నెలో పడేసింది.

గవర్రాజు పేపరు దించాడు. రామలక్ష్మమ్మ వెనక్కి తిరిగి, అరుగు మీద మనిషిని చూసి, నాలిక కరుచుకుంది.

"అయ్యో అన్నయ్యగారూ, మీరున్నారని సూసుకోనేదు. నోటికొచ్చీసింది."

"ఏవిటండి నోటికొచ్చింది?"

"ఊరి మాటేనండి. కొసరుని ఇటేపు అందరూ అలాగే అంతారు. మిమ్మల్ని కాదు."

మిమ్మల్ని కాదు! ఆ మాటకి గవర్రాజు ఒళ్ళు భగ్గుమంది. ఎందుకంటే అది ఆయన్నే.

ఆ సంగతి ఆయనకీ, జోజికీ, ఆనాటి రేవు జనానికీ తెలుసు. జోజి రేవులో క్యాంటీను నడిపేవాడు. గవర్రాజు ఓడల్లోంచి దిగే బస్తాలు లెక్కపెట్టే గుమాస్తాగా పనిచేసేవాడు. కోనసీమ నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే తలపండినవాడు. రేవులో ప్రశాంతంగా టీ తాగడం ఎవరి తరమూ కాదు. గ్లాసు సగం అయ్యేసరికి క్రేను ఇంకో మోపు దించేది, ఈయన పరిగెత్తేవాడు. తిరిగొచ్చేసరికి టీ చల్లారి పైన మీగడ కట్టేది. "జోజీ, కాస్త పైన వేడిది వెయ్యవయ్యా" అనేవాడు. జోజి మారుమాట లేకుండా వేసేవాడు, డబ్బులు అడిగేవాడు కాదు. కొన్నాళ్ళకి ఒక క్రేను డ్రైవరు, తన గ్లాసు ఏమాత్రం చల్లారకపోయినా, "నాకూ ఓ గవర్రాజు ఎయ్యి బావా" అన్నాడు. క్యాంటీనంతా నవ్వింది. మర్నాటి నుంచి అది మాటైపోయింది.

గవర్రాజు అందరి ముందూ కోపం నటించాడు. లోపల మాత్రం చంకలు గుద్దుకున్నాడు. రేవులో ఎంతమంది ఆఫీసర్లు వచ్చారు, ఎంతమంది పోయారు! ఎవడి పేరు ఎవడు తలుచుకుంటున్నాడు? తన పేరు పొద్దున్నించి సాయంత్రం దాకా నలుగురి నోట్లో ఆడుతోంది. పైగా వేడివేడిగా. రిటైరయ్యాక ఆ మాట రేవు గోడల మధ్యే ఉండిపోయిందనుకున్నాడు. అది గోడ దూకిందనీ, టీ వదిలి చేపల్లో పడిందనీ ఆయనకి తెలియదు. తెలిసే వీలూ లేదు. మావగారి పేరు కోడలు నోట అనకూడదు కనక, తాయారు బజారులో కూడా చక్కగా కొసరు అనే అడిగేది.

ఆ సాయంత్రమే బారసాల మాట వచ్చింది.

గవర్రాజు ఇంట్లో మగపిల్లలకి రెండే పేర్లు. ఒక తరం గవర్రాజు, తర్వాతి తరం చలమయ్య. తాతముత్తాతల నుంచీ కొత్త పేరు వెతుక్కునే శ్రమ ఎవరూ పడలేదు. ఈయన తన తాత పేరు మోస్తున్నాడు, కొడుకు చలమయ్య తన తాత పేరు మోస్తున్నాడు. ఆ లెక్కన పెద్ద మనవడే గవర్రాజు కావాలి. కానీ వాడు పురిట్లో నీలుక్కుపోతే రామలక్ష్మమ్మ సింహాచలం అప్పన్నకి మొక్కేసింది, వాడు అప్పన్న అయ్యాడు. రెండోవాడు పుట్టే ముందే తాయారు తండ్రి కాలం చేశాడు. కళ్ళనీళ్ళు ఆరని ఇంట్లో పంతానికి పోతే బాగుండదని గవర్రాజే తగ్గాడు, వాడు అచ్యుతరామయ్య అయ్యాడు. ఇద్దరు చాలని గోడల మీద ఎర్ర త్రికోణాలు కేకలు పెడుతున్న రోజుల్లో, ఎవరూ అనుకోకుండా మూడోవాడు వచ్చాడు. దాంతోపాటు తాయారుకి ఆపరేషనూ అయిపోయింది. గవర్రాజుకి ఇదే ఆఖరి బస్సు.

"ఇంక అడగడానికేముందిరా, నా పేరే" అన్నాడు కొడుకుతో.

చలమయ్య తలగోక్కున్నాడు. స్టీల్ ప్లాంటు కడుతున్న చోట ఫిట్టరు. పెద్ద పెద్ద ఇనుప దూలాలు బిగిస్తాడు గానీ ఇంట్లో నోరు విప్పాలంటే వణుకు. అతను ఏదో అనేలోగా లోపలి గదిలోంచి తాయారు గొంతు వినిపించింది.

"వద్దు మావయ్యా."

గవర్రాజు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"మీ మీద గౌరవం నేక కాదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఏటో, పోయి పోయి మీ పేరుకి తగులుకుంది. వీడసలే మూడోవాడు. ఆస్పత్రిలో ఆయా, 'ఇది కొసరేటమ్మా' అని నవ్వింది. నాను ఊరుకున్నాను. రేపు బడిలో మేస్టారు ఆ పేరు పిలిత్తే కలాసంతా నవ్వదా?" తాయారు పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుని కళ్ళు ఒత్తుకుంది. "నా కొడుకు ఎవరో ఊరికే పడేసినోడు కాడు మావయ్యా."

ఆ పిల్ల బాధ ఆయనకి అర్థమైంది. పెళ్ళై వచ్చిన రోజు నుంచీ తనకి వేడి అన్నం తప్ప పెట్టని కోడలు. ఆ పిల్లని ఏడిపించి పేరు పెట్టించుకోవడం సిగ్గుచేటు. కానీ ఈసారి తప్పితే తన పేరు తనతోనే కాటికి పోతుంది. ఆ ఆలోచన వస్తే ఆయనకి నిజంగానే భయం వేసింది.

"ఒరే చలమయ్యా, నీకు తెలుసా ఈ మాట?"

"అందరికీ తెలుసు నాన్నా. సైట్లో బిగించగా మిగిలిపోయిన నట్టుని కూడా అదే అంటారు."

"నువ్వూ అంటావా?"

"మరేమనాలి?" అన్నాడు చలమయ్య అమాయకంగా.

మిగిలిపోయిన నట్టు! అప్పుడు ఆయన నోట్లోంచి ఒక అబద్ధం, ఎప్పట్నుంచో సిద్ధంగా ఉన్నట్టు, నున్నగా జారి వచ్చింది.

"అమ్మా తాయారూ, మీకెవరికీ తెలీదు గానీ అది చాలా గొప్ప మాట. పూర్వం గవర్రాజని ఒక జమీందారు ఉండేవాడు. రైతులకి ధాన్యం కొలిచి ఇచ్చేటప్పుడు కుంచం నిండాక ఇంకో దోసెడు పైన వేసేవాడు. ఆ దోసెడే గవర్రాజు. అక్కడ పుట్టింది మాట."

"ఏ ఊరి జమీందారండి?" అంది రామలక్ష్మమ్మ, అప్పటిదాకా వెల్లుల్లి వలుస్తూ విన్నది.

"అదీ... కొండల వైపు. బాగా లోపలికి."

"నా సిన్నప్పుడు ఈ మాట నేదు అన్నయ్యగారూ. నాను ఇన్నది మొన్న మొన్ననే." ఆవిడ చేతులు దులుపుకుంది. "ఇందులో గొడవేటుంది? రేపు ఫిషింగ్ హార్బర్‌కి ఎల్దాం. సన్యాసమ్మ సేపలతోపాటు ఈ మాట కూడా అక్కడినించే తెత్తంది. మంచి సోట పుట్టిన మాటైతే పెట్టుకుందాం. కాదంటే అమ్మాయి ఇట్టం. ఏటే తాయారూ?"

తాయారు ముక్కు చీదుకుని సరేనంది. గవర్రాజు కూడా తలూపాడు. ఊపక ఏం చేస్తాడు?

తెల్లవారకుండానే ఇద్దరూ బస్సెక్కారు. బస్సు కిటకిటలాడుతోంది. రామలక్ష్మమ్మ మోచేతులతో చోటు సంపాదించుకుని కూర్చుంది. గవర్రాజు మెట్టు దగ్గరే ఇరుక్కుపోయాడు.

"గవర్రాజులు లోపలికి జరగాలి! మెట్టు మీద గవర్రాజులు దిగిపోవాలి!" అని అరిచాడు కండక్టరు.

గవర్రాజు లోపలికి జరిగాడు. సీట్లలో పట్టక నిలబడ్డవాళ్ళ లెక్కలో జరిగాడో, సొంత పేరు వినబడి జరిగాడో ఆయనకే తెలియలేదు. సీట్లోంచి రామలక్ష్మమ్మ ఆయన్ని చూడకుండా ఉండడానికి కిటికీలోకి చాలా శ్రద్ధగా చూస్తోంది.

హార్బర్‌లో అప్పటికే బోట్లు ఒడ్డుకి చేరి, ఐసు బద్దలు కొడుతూ, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ జనం గోలగోలగా ఉన్నారు. ఎల్లారావు అనే పొట్టి మనిషి తిరగేసిన బుట్ట మీద నిలబడి వేలం పాడుతున్నాడు. ఆ వేలమన్న మాట కూడా ఎప్పుడో బుడతకీచుల, అంటే పోర్చుగీసువాళ్ళ, ఓడలెక్కి వచ్చిందని చదువుకున్నవాళ్ళు చెబుతారు. ఎల్లారావుకి చెబితే కొడతాడు. అది వాళ్ళ నాన్న మాట, వాళ్ళ తాత మాట. వాడుకునేవాడికి ప్రతి మాటా సొంత ఇంట్లో పుట్టినట్టే ఉంటుంది.

వేలం అయ్యాక సన్యాసమ్మ వాళ్ళని అతని దగ్గరికి తీసుకెళ్ళింది. రామలక్ష్మమ్మ సూటిగా అడిగింది. "బాబూ, కొసరుని గవర్రాజు అంతారు కదా, ఎందుకు?"

ఎల్లారావు మొహంలో భక్తి వచ్చేసింది. "తెలవదేటమ్మా? గవర్రాజు గారని పెద్ద బోటు ఓనరు. మారాజు. పాట అయిపోయినాక బుట్ట మోసిన పెతి ఆడమనిసికీ రెండు సేతుల్తో సేపలు పైన ఏసీవోడు. ముసిలోళ్ళకీ, ముండమోపులకీ అయితే మూడు దోసిళ్ళు. ఓ తుపానుకి బోటుతోపాటు సముద్రంలో కలిసిపోనాడు. ఆ దర్మాత్ముడి పేరే తల్లీ ఇది."

సన్యాసమ్మ సముద్రం వైపు తిరిగి దండం పెట్టింది. రామలక్ష్మమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి.

గవర్రాజుకి కావలసింది చేతికి అందింది. జమీందారు కంటే బోటు ఓనరే నయం, సాక్షులు కూడా ఉన్నారు. నోరు మూసుకుని ఇంటికొచ్చేస్తే పేరు దక్కుతుంది. ఆ మాత్రం తెలివి ఆయనకి ఆ క్షణంలో లేకపోయింది.

"ఏ తుపాను?" అన్నాడు.

"ఏదో తుపాను బాబూ."

"ఆయన్ని నువ్వు చూశావా?"

"మా మావ సెప్పీవోడు."

"మీ మావ చూశాడా? బోటు పేరేవిటి? ఇంటిపేరేవిటి? తుపానులో పోతే పేపర్లో పడొద్దా?"

ఎల్లారావు రామలక్ష్మమ్మ వైపు తిరిగాడు. "ఈయన పోలీసోడేటమ్మా?"

ఆవిడ గవర్రాజు చొక్కా అంచు పట్టుకుని పక్కకి లాక్కొచ్చింది. "ఏటి మీ గోల? మీ పేరుకి ఇంత మంచి పుటక దొరికితే సంతోసించక, ఇంటిపేరు కావాలా?"

దారంతా గవర్రాజు కుతకుత ఉడికిపోయాడు. లేని బోటుకి లేని ఓనరు! సముద్రంలో ములిగాడట! తను ఎండలో బస్తాల వెంట పరిగెత్తి, చల్లారిన టీ తాగి సంపాదించిన పేరుని వాడెవడో ఒడ్డున కూడా లేకుండా కొట్టుకుపోయాడు.

ద్వారకా నగర్లో బస్సు మారాలి. బస్సుల కాంప్లెక్సు పక్కన దొరబాబు టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నారు. టీ సగం తాగి రామలక్ష్మమ్మ గ్లాసు చాచింది. "ఓ గవర్రాజు ఎయ్యి నాయనా. అన్నట్టు ఈ మాట ఎలాగొచ్చిందో నీకేటైనా తెలుసా?"

"ఎందుకు తెలవదు! టీ లోంచే పుట్టింది గదా" అన్నాడు దొరబాబు హుషారుగా, పైన పోస్తూ.

గవర్రాజు గుండె ఝల్లుమంది. భయంతోనా అంటే భయంతో కాదు. ఎట్టకేలకి ఎవడో ఒకడికి తెలుసన్న సంతోషంతో.

"పోర్టులో గవర్రాజని ఓ పరమ పిసినారి ఉండీవోడు. పొద్దున్నే ఓ టీ సెప్పి, సగం తాగి నింపించుకునీవోడు. మళ్ళీ సగం, మళ్ళీ నింపు. అలాగ ఒక్క టీతో ఆరుసార్లు నింపించుకుని, గ్లాసు జేబులో ఎట్టుకుని ఇంటికి పట్టికెల్లి పెళ్ళానికి కూడా అందులోదే పోసీవోడంట. ఆ మిగుల్చుకున్న డబ్బుతో రెండు మేడలు కట్టినాడు!"

"ఒక్కసారే!"

గవర్రాజు బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు. గ్లాసులో టీ పంచె మీద ఒలికింది. "ఆరుసార్లు ఎవడయ్యా చెప్పింది నీకు? ఒక్కసారే వేయించుకునేవాణ్ణి! అదీ క్రేను దిగినప్పుడే! గ్లాసు జేబులో పెట్టుకోవడం ఏవిటి, నేనేమన్నా దొంగనా? మా ఆవిడ కామేశ్వరి బతికున్నన్నాళ్ళూ టీ ముట్టలేదు, కాఫీ మనిషి! మేడలేవయ్యా, చూపించు! కొడుకు అద్దింట్లో ఉంటన్నాను!"

కొట్టు దగ్గర అందరూ అటు తిరిగారు. దొరబాబు కెటిల్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. గవర్రాజు ఆయాసంతో కూర్చుని, పక్కన ఎవరున్నారో అప్పుడు గుర్తుచేసుకున్నాడు.

రామలక్ష్మమ్మ గ్లాసు బెంచీ మీద పెట్టింది. "ఏటీ, మీరేనా?"

"నేనేనండి" అన్నాడు తలదించుకుని.

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఊగడం మొదలైంది. తర్వాత కొంగు కూడా ఆగలేదు. "ఓలమ్మో! నా వియ్యంకుడే గవర్రాజు! ఇన్నాళ్ళూ నాను మిమ్మల్నే పోయించుకుంతన్నాను, మిమ్మల్నే ఏయించుకుంతన్నాను!" అని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. బస్సు ఒకటి వెళ్ళిపోయింది. రెండోది వచ్చేసరికి సద్దుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇదిగో అన్నయ్యగారూ. ఈ సంగతి అమ్మాయికి సెప్పీకండి. ఆ పేరుకి కొసరని అర్తం కాబట్టే ఏడుత్తంది. అది సొంత మావగారి టీ కతే అని తెలిత్తే ఇంకా ఏడుత్తాది. బోటాయన కత ఉంది కదా, నాలుగు కన్నీళ్ళు కూడా ఉన్నాయి అందులో. అదే సెప్తాను. మీకు పేరు దక్కుతాది, దానికి మనసు కుదుటపడతాది."

గవర్రాజు ఒప్పుకున్నాడు. ఆయన పంచె ఇంకా తడిగానే ఉంది.

రామలక్ష్మమ్మ చెప్పిన తీరు ఎల్లారావు వింటే చేతులెత్తేసేవాడు. ఆవిడ నోట్లో తుపాను మూడు రోజులు వీచింది, బోటు ఓనరు నలుగురు కూలీలని ఒడ్డుకి చేర్చి మరీ ములిగాడు. తాయారు పిల్లవాణ్ణి గుండెకి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"అంత దొడ్డ మనిషి పేరా మావయ్యా! తెలియక వద్దన్నాను. ఆ పేరే పెడదాం."

గవర్రాజు నవ్వాననుకున్నాడు. మొహం సహకరించలేదు.

అక్కణ్ణుంచి ఇంట్లో బోటు ఓనరు కాపురం పెట్టాడు. సాయంత్రం దీపం పెట్టగానే తాయారు గదిలోంచే చేతులు జోడించేది. పెద్ద మనవడు అప్పన్న కాగితం పడవ చేసి అందులో ఒక మనిషిని కూర్చోబెట్టాడు. ఇరుగుపొరుగు వచ్చి కథ చెప్పించుకుని వెళ్ళేవాళ్ళు. వెళ్తూ వెళ్తూ, "మీ పేరు కూడా ఆయనదేనా బాబూ? ఎంత అదుట్టం!" అనేవాళ్ళు. చలమయ్య అయితే ఒకరోజు పని నుంచి వచ్చి, "నాన్నా, ఆయన కుటుంబం ఎక్కడుందో కనుక్కోవాలి. బారసాలకి పిలిచి బట్టలు పెట్టకపోతే బాగోదు" అన్నాడు.

"ఎవరికిరా బట్టలు?" అన్నాడు గవర్రాజు.

"ఆ గవర్రాజు గారి వాళ్ళకి."

ఆ గవర్రాజు గారు! ఈ గవర్రాజుకి ఆ రాత్రి అన్నం సయించలేదు. తను అడిగిందేమిటి, వచ్చిందేమిటి? అక్షరాలు తనవే. మనిషి తను కాదు. రేపు వీడు పెద్దవాడై ఎవరి పేరురా నీదని అడిగితే, సముద్రం వైపు వేలు చూపిస్తాడు. అరుగు మీద తాత కూర్చుని ఉంటాడు, వాడు సముద్రం చూపిస్తాడు.

బారసాల నాడు ఇల్లు నిండిపోయింది. పురోహితుడు పళ్ళెంలో బియ్యం పరిచి, చలమయ్య చేతికి బంగారు ఉంగరం ఇచ్చాడు. తాయారు పసుపు చీరలో పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఎవరి పేరు పెడుతున్నారమ్మా?" అన్నాడు పురోహితుడు మామూలుగా.

"తుపానులో నలుగురిని కాపాడి పోయిన దర్మాత్ముడి పేరండి" అంది తాయారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. చలమయ్య ఉంగరం బియ్యంలో ఆనించాడు.

"ఆగరా!" అన్నాడు గవర్రాజు.

రామలక్ష్మమ్మ వెనక నుంచి మోచేత్తో పొడిచింది. ఆయన పట్టించుకోలేదు.

"తుపానూ లేదు, ధర్మాత్ముడూ లేడు. బోటు సంగతి నాకు తెలీదు గానీ, ఆ మాట మట్టుకు నాదే. పోర్టులో జోజి క్యాంటీన్లో సగం తాగిన టీ మీద వేడిది వేయించుకునేవాణ్ణి. రోజూ వేయించుకునేవాణ్ణి. ఊరికే. దానికి వాళ్ళు నా పేరు పెట్టారు. అంతే అమ్మా తాయారూ. ఇందులో గొప్ప ఏమీ లేదు. పేరు పోతుందని దాచాను. నీకు ఇష్టం లేకపోతే ఈ పేరు వద్దు, వేరేది రాయించు. కానీ నా మనవడికి నా పేరు పెట్టి, ఎవడో ములిగిపోయినవాడిదని చెప్పకు. అది నేను పడలేను."

ఎవరో కిసుక్కుమని, ఎవరో గిల్లితే ఊరుకున్నారు. చలమయ్య ఉంగరం అలాగే పట్టుకుని పెళ్ళాం వైపు చూశాడు. తాయారు మావగారి వైపు చూసింది.

"ఒక్కసారేనా మావయ్యా, ఎక్కువ ఏయించుకునీవారా?"

"టీకి ఒక్కసారేనమ్మా, నీ మీదొట్టు. ఆరుసార్లన్నవాడి నోరు పడిపోను."

తాయారు నవ్వేసింది. పురుడొచ్చాక ఆ పిల్ల నవ్వడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నానెందుకు బయపడ్డానో తెలుసా? కలాసులో అందరూ నవ్వితే వీడి దగ్గర సెప్పుకోడానికి ఏటీ ఉండదని. ఊరి మాట, ఎవరిదో తెలవని మాట, దానికేటని బదులు సెప్తాడు? తుపానుని సూసిరమ్మని పంపుతాడా? ఇప్పుడు బెంగ నేదు. ఎవడైనా నవ్వితే, ఒరే ఆ మాట మా తాతదిరా, మీరందరూ ఊరికే వాడేసుకుంతన్నారు, అదుగో అరుగు మీద కూచున్నాడు, ఎల్లి అడిగి వాడుకోండి, అంటాడు." ఆవిడ భర్త వైపు తిరిగింది. "రాయి. మావయ్యదే రాయి."

చలమయ్య బియ్యంలో రాశాడు. రావత్తు పళ్ళెం అంచు దాకా పోయింది. పురోహితుడు పిల్లవాణ్ణి తీసి గవర్రాజు చేతుల్లో పెట్టి, చెవిలో మూడుసార్లు పేరు పిలవమన్నాడు.

గవర్రాజు వంగాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, ఆ పేరు పెట్టి తను ఇంకొకరిని పిలవడం అదే మొదలు. ఒకసారి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారికి ఆగాడు. పిల్లవాడు కళ్ళు తెరిచి, ఎవరా అన్నట్టు పైకి చూస్తున్నాడు.

"పిలవండి అన్నయ్యగారూ, ఎదురుసూత్తన్నాడు" అంది రామలక్ష్మమ్మ. ఈసారి ఆవిడ నవ్వడం లేదు.

ఆయన పిలిచాడు.